తొమ్మిదో జత

ల్యాబ్‌లో పదునైన కత్తెర ఒక్కటే ఉంది. అది సీనియర్ సొరుగులో తాళం కింద ఉంటుంది. ఎమ్మెస్సీ వాళ్ళకి మొండివే దిక్కు. వాటితో క్రోమోజోమ్ ఫోటోలు కత్తిరిస్తే అంచులు నమిలినట్టు వస్తాయి. అలా వచ్చాయని తిట్టేది కూడా సీనియరే.

"ఇది కత్తిరించడమా, ఎలుక కొరకడమా?" అంది సీనియర్, ఫస్టియర్ పిల్ల భుజం మీదుగా వంగి.

ఆమె తలెత్తలేదు. పక్క బల్ల దగ్గర పొడుగోడు కిసుక్కున నవ్వాడు. "అడిగి లాభం లేదక్కా. సైలెన్సర్ బిగించిన బండి. పొగే తప్ప శబ్దం రాదు."

నవ్వని వాళ్ళు కూడా నవ్వారు. సైలెన్సర్ అన్న పేరు చేరిన మొదటి నెలలోనే అంటుకుంది. పల్లెటూరి బడిలో చదివిన పిల్ల, ఇంగ్లీషులో ప్రశ్న వేస్తే జవాబు తెలిసినా పెదవి కదిపేది కాదు. ఇప్పుడు తెలుగులో అడిగినా అంతే.

కిటికీలు మూసి ఉన్నాయి. ఫ్యాను ఆపేశారు, ముక్కలు ఎగిరిపోతాయని. చెమట చుక్క ఫోటో మీద పడకుండా ఆమె మోచేత్తో నుదురు తుడుచుకుని మళ్ళీ కత్తెర పట్టింది. ఫోటోలో ఒక కణంలోని క్రోమోజోములన్నీ చారల గొంగళిపురుగుల్లా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక్కోదాన్నీ కత్తిరించాలి. పొడవు చూసి, చారలు చూసి, జతకి జత చేర్చి అట్ట మీద అంటించాలి. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఈ వారం ల్యాబ్ నడిపే మేడమ్ ఒక్కొక్కరికి ఒక్కో కుటుంబాన్ని ఇచ్చింది. పేర్లు తీసేసి నంబరు మాత్రం ఉంచిన, రిపోర్టు ఇచ్చేసిన కేసులు. తల్లి ఫోటో, తండ్రి ఫోటో, నిలవకుండా పోయిన బిడ్డ ఫోటో.

తల్లి అట్ట, తండ్రి అట్ట ముందే అయిపోయాయి. తల్లిదాంట్లో తొమ్మిదో జత ఆమెకి నచ్చింది. ఒకదానికి నడుము కింద, అంటే మధ్యలో నొక్కినట్టుండే చోటు కింద, నల్లటి భాగం సాగదీసినట్టు పొడుగ్గా ఉంది. రెండోదానికి అదే నల్లటి భాగం నడుము పైకి తిరగబడింది. రెండూ జబ్బులు కావు. ఒకరికి ముక్కు కాస్త వంకరగా ఉంటుంది, ఒకరికి చెవి కాస్త పెద్దగా ఉంటుంది, అలాంటివే అని మేడమే చెప్పింది. తండ్రి తొమ్మిదో జత రెండూ మామూలువే. ఏ వింతా లేదు.

బిడ్డది అంటించడం మొదలుపెట్టింది. ఎనిమిదో జత దాకా బాగానే సాగింది. తొమ్మిదోది పెట్టబోయి ఆగిపోయింది.

నల్లభాగం సాగినది ఒకటి. తిరగబడినది ఒకటి.

ముందు తనమీదే అనుమానం వచ్చింది. తల్లి ముక్కలు ఇటు వచ్చి పడ్డాయా? తల్లి అట్ట లాగి చూసింది. అక్కడి రెండూ అక్కడే ఉన్నాయి, జిగురు ఆరి, అంచులు లేచి. మరి బిడ్డకి రెండూ ఎక్కడివి? తల్లి దగ్గర నుంచి ఒకటే రావాలి. రెండోది తండ్రిది కావాలి. తండ్రి దగ్గర ఇలాంటిది లేనే లేదు.

సీనియర్ మళ్ళీ వచ్చింది. అట్ట చూసింది. "అయ్యో నా తల్లీ! అమ్మ ముక్కలు తెచ్చి పిల్లలో కలిపావా? ఇలాంటి వాళ్ళ చేతికి రేపు రిపోర్టులిస్తే కొంపలు కూలిపోతాయి."

"కలపలేదక్కా."

సైలెన్సర్ మాట్లాడింది.

"ఏమన్నావ్?"

"కలపలేదు. తల్లివి తల్లి దగ్గరే ఉన్నాయి."

సీనియర్ తల్లి అట్ట వైపు చూడలేదు. బిడ్డ అట్టని బల్ల మీద నుంచి లాగి రెండుగా చింపి చెత్తబుట్టలో వేసింది. "కొత్త ప్రింటు తీసుకో. మొదటి నుంచి చెయ్."

కొత్త ప్రింటు తీసుకుంది. వేరే కణం ఫోటో. ఆకలి వేస్తున్నా లేవకుండా కత్తిరించింది. ఈసారి తల్లి అట్టని బల్ల మీద కాదు, సంచిలో పెట్టి జిప్పు వేసింది. తొమ్మిదో జత మళ్ళీ అదే వచ్చింది. తల్లి అట్ట బయటికి తీసి పదిహేనో జత చూసింది. ఇరవై రెండోది చూసింది. తల్లి జతల్లో ఏ చిన్న గుర్తుంటే అదే బిడ్డలో ఉంది. తండ్రి గుర్తు ఒక్కటీ లేదు.

రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూసింది. ఇవి తల్లీ బిడ్డా కాదు. ఒకే మనిషి.

* * *

మర్నాడు పొద్దున ల్యాబ్ బయటి బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. పెద్దామె కాళ్ళు చాపుకుని, చిన్నామె ఒళ్ళో సంచి పెట్టుకుని. చిన్నామె వేళ్ళ చివర్లు సూది పోట్లతో గరుకుగా ఉన్నాయి. కుట్టుపని చేసే మనిషి.

"ఏం అమ్మాయ్, మీ పెద్ద మేడమ్ వచ్చిందా?" అంది పెద్దామె. "పైన ఆస్పత్రిలో రిపోర్టు ఇంకో కాపీ కావాలన్నారు. సోమవారం దీనికి ఆపరేషన్."

అమ్మాయి కాగితం అందుకుని నంబరు చూసింది. నిన్న అట్ట మీద రాసుకున్న నంబరే.

"ఏం ఆపరేషన్ అండీ?"

"గర్భసంచిలో ఏదో అడ్డుపొర ఉందట. చిన్నదేనట. పోయిన బిడ్డలో లోపముంటే దాని జోలికి పోనక్కర్లేదు, బిడ్డ శుభ్రంగా ఉంటే మాత్రం తప్పు సంచిదే, కోసెయ్యాలి అన్నాడు డాక్టరు. మీ వాళ్ళు బిడ్డ శుభ్రంగా ఉందని రాశారు." పెద్దామె గొంతు తగ్గించలేదు. "ఆడపిల్ల. ఒంక పెట్టడానికి లేదట. అలాంటి పిల్లని మొయ్యలేకపోయింది మహాతల్లి. మూడోది ఇది. గడప దాకా వచ్చిన లక్ష్మిని తన్నేసింది."

"అత్తయ్యా, ఊరుకోండి" అంది కోడలు, నేల చూస్తూ.

"ఊరుకునే కదా ఇన్నాళ్ళూ ఉన్నాను. మిషను మీద కూర్చోకే, తొక్కకే అంటే విన్నావా? పెళ్ళికూతుళ్ళ జాకెట్లు ఆగిపోతాయని పొట్టలో పిల్లని ఆపేసుకుంది!"

కోడలు సంచి పట్టీని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. వేలి కొన తెల్లబడే దాకా బిగించింది.

ఎదురుగా నిలబడ్డ అమ్మాయికి నిజం నోటి దాకా వచ్చింది. వచ్చింది వచ్చినట్టే మింగేసింది. "శుక్రవారం రండి. మేడమ్ మీతో మాట్లాడతారు" అని మాత్రం అని లోపలికి నడిచింది.

ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఆమెకి ఒక పని నేర్పారు. పోయిన గర్భం నుంచి వచ్చిన కణజాలాన్ని ఉప్పునీటి గిన్నెలో వేసి, మైక్రోస్కోపు కింద రెండు సన్నటి పట్టుకార్లతో వేరు చెయ్యడం. బిడ్డ తాలూకు ముక్క నీళ్ళలో పడగానే తెల్లటి నాచు కొమ్మలా విచ్చుకుంటుంది. తల్లి తాలూకుది విచ్చుకోదు. మీగడ తునకలా చదునుగా పడి ఉంటుంది. కొమ్మల్ని మాత్రమే ఏరి, కడిగి, సీసాలో పెంచాలి, దాన్నే కల్చర్ అంటారు. తునక ఒక్కటి పడినా చాలు, తల్లి కణాలు కలుపు మొక్కల్లా పెరిగి బిడ్డ కణాల్ని కప్పేస్తాయి. ఓపికగా ఏరితే పూట పడుతుంది. సీనియర్ టీ చల్లారేలోపు అవగొడుతుంది.

"మన ల్యాబ్‌లో కల్చర్ ఫెయిల్ అనే మాట లేదు" అని మేడమ్ ప్రతి మీటింగులోనూ చెబుతుంది. నిజమే. ఎప్పుడూ ఏదో ఒకటి పెరుగుతుంది. పెరిగినవి ఎక్కువగా ఆడపిల్లలే, అందులోనూ లోపం లేని ఆడపిల్లలే. "మనది బాలికల వసతి గృహం" అని పొడుగోడు నవ్వించేవాడు. ఆ మాటకి తనూ ఓసారి నవ్వినట్టు ఆమెకి గుర్తొచ్చింది.

* * *

ప్రతి సాంపిల్‌లోంచి మిగిలిన ముక్కని చిన్న సీసాలో చల్లబెట్టెలో దాచడం అక్కడి పద్ధతి. గురువారం సీనియర్ క్లాసుకి వెళ్ళగానే ఆమె ఆ నంబరు సీసా తీసింది. ముక్క కరిగే దాకా అరచేతిలో పట్టుకుంది. గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి, ముక్కని వదిలి, మైక్రోస్కోపు మీదికి వంగింది.

కొమ్మ దొరకాలి. ఒక్క కొమ్మ దొరికినా చాలు, దాన్ని పట్టుకుని బిడ్డ ఏమిటో తేల్చొచ్చు. లోపముంటే తల్లికి ఆపరేషన్ తప్పుతుంది. లేకపోయినా కనీసం నిజం తెలుస్తుంది. పట్టుకారుతో ముక్కని అటు తిప్పింది, ఇటు తిప్పింది. తునకని చీల్చింది. చీలికని మళ్ళీ చీల్చింది. మీగడే. రక్తపు గడ్డ. మళ్ళీ మీగడే. మెడ పట్టేసింది. కళ్ళు మండాయి. గిన్నె అడుగంతా వెతికినా నాచు కొమ్మ అన్నది లేదు.

ఆ సీసాలోకి బిడ్డ రానే లేదు.

"ఎవరి పర్మిషన్‌తో తీశావ్?"

సీనియర్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పుస్తకాలు కింద పెట్టలేదు.

"అక్కా, ఇందులో కొమ్మలు లేవు. ఒక్కటి కూడా లేదు. చూడండి."

"నా సాంపిల్ అది. నేను చేసిన కేసు. నాకు నేర్పుతావా? నిన్నగాక మొన్న పట్టుకారు పట్టుకోవడం వచ్చింది, పిల్లకాకికి ఉండేలు దెబ్బ తెలీదంటారు, ఇదే." సీనియర్ గిన్నె లాక్కుంది. నీళ్ళు చిందాయి. అయినా మైక్రోస్కోపులోకి చూడలేదు. చూస్తే ఏముంటుందో తెలిసిన మనిషిలా మొహం పక్కకి తిప్పుకుంది. "పద మేడమ్ దగ్గరికి. నీ పట్టా సంగతి అక్కడే తేలుతుంది."

మేడమ్ ఇద్దరి మాటా విన్నది. అట్టలు రెండూ దగ్గరికి లాక్కుని కళ్ళజోడు పైకి జరిపి చూసింది.

"రెండూ తల్లి నుంచే రావడం ఉంటుంది, అరుదుగా. చదవలేదా?"

"చదివాను మేడమ్. ఒక జతలో అయితే రావొచ్చు. పదిహేను కూడా అలాగే ఉంది. ఇరవై రెండు కూడా."

మేడమ్ చూపుడువేలు పదిహేనో జత మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. ఇరవై రెండో జత మీదికి వెళ్ళింది. సీనియర్ ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

"నువ్వు బయటికెళ్ళు" అంది సీనియర్‌తో.

తలుపు మూసుకున్నాక మేడమ్ గొంతు మారింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇప్పుడేం చెయ్యమంటావ్? బిడ్డని చూడకుండానే బిడ్డ బాగుందని చెప్పామని రాసివ్వనా? ఇదొక్కటేనా అని అడుగుతారు. పాతవన్నీ తవ్వుతారు. ఈ ల్యాబ్ ఉండదు, నీ డిగ్రీ ఉండదు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట. ముందు ఫస్టియర్ గట్టెక్కు."

"సోమవారం ఆపరేషన్ మేడమ్."

"చిన్న ఆపరేషన్. చచ్చిపోరు. పొర ఉన్న మాట నిజమే కదా." మేడమ్ అట్టలు రెండూ సొరుగులో పడేసింది. "రేపు వాళ్ళొస్తారు. నువ్వూ వచ్చి కూర్చో. పేషెంట్లతో ఎలా మాట్లాడాలో నేర్చుకో. నోరు మాత్రం తెరవకు. అది నీకు కొత్తగా నేర్పక్కర్లేదుగా!"

ఆ సాయంత్రం హాస్టల్ గదిలో ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. ఇంటి నుంచి ఫోనొస్తే తియ్యలేదు. తీస్తే అమ్మ అడిగే మొదటి మాట "అంతా బాగుందా" అని. బాగుంది అని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

* * *

శుక్రవారం కౌన్సెలింగ్ గదిలో మేడమ్ ఎదురుగా అత్తాకోడళ్ళు కూర్చున్నారు. ఆమె మూలన కుర్చీలో. సీనియర్ ఫైలు అందించి గుమ్మం దగ్గరే నిలబడింది.

మేడమ్ అలవాటైన మెత్తటి గొంతుతో చెప్పుకుపోయింది. బిడ్డలో లోపం లేదు. కాబట్టి కారణం వేరే చోట వెతకాలి. పొర తీసేస్తే మళ్ళీ అవకాశం ఉంటుంది. అత్తగారు ప్రతి మాటకీ కోడలి వైపు తిరిగి "విన్నావా" అన్నట్టు చూసింది.

మేడమ్ ఫైలు మూసింది. "ఇంకేమైనా అడగాలా?"

కోడలు గొంతు సవరించుకుంది. వచ్చాక ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. "ఒక్కటుంది మేడమ్. పాపవి అవన్నీ చూశారు కదా మీరు. పాపకి నా పోలికలేమైనా వచ్చాయా?"

మేడమ్ నవ్వింది. "అవి ఇందులో తెలియవమ్మా."

"కొంచెమైనా తెలీదా? మా అమ్మకి నేను ఒక్కదాన్నే. నాలాగా ఉండి ఉంటుందేమో అని..." మాట సగంలో ఆగిపోయింది. "ఊరికే. మనసుకి పట్టక అడిగాను."

మేడమ్ లేవబోయింది. సీనియర్ తలుపు తీసింది.

"అన్నీ మీవే" అంది ఆమె.

ఎవరన్నారో కోడలికి వెంటనే తెలియలేదు. మూలకి తిరిగి చూసింది.

"అన్నీ మీవేనండీ. ఒక్కటి కూడా తండ్రివి లేవు. అది పాప కాదు. మీరే. ముక్క వేరు చేసేటప్పుడు మీ శరీరంలోదే సీసాలో పడింది. అదే పెరిగింది. దాన్నే చూసి రాశాం. పాపని మేం చూడలేదు."

"బయటికి పో" అంది మేడమ్.

ఆమె లేచింది. అత్తగారు కూడా లేచింది. "ఆగమ్మాయ్. చూడలేదంటే?"

"మిగిలిన ముక్క కూడా నిన్న వెతికాను. అందులోనూ బిడ్డది లేదు."

"అంటే లోపం ఉందో లేదో?"

"తెలీదు."

"ఆడో మగో?"

"అదీ తెలీదు."

"స్టూడెంటమ్మా, తెలిసీ తెలియక వాగుతోంది" అంది మేడమ్. "దాని మాట పట్టించుకోకండి."

అత్తగారు మేడమ్ వైపు నిదానంగా తిరిగింది. "తెలీదనే కదా అది అంటోంది. తెలుసని అన్నది మీరు. మీ కాగితం పట్టుకునే కదా నేను దీన్ని నానా మాటలూ అన్నాను. ఊళ్ళో వాళ్ళందరి ముందూ అన్నాను. బిడ్డ బంగారంలా ఉంది, ఇదే చంపుకుంది అన్నాను. ఇప్పుడా మాటలు మీరు వెనక్కి తీసుకుంటారా?"

మేడమ్ బల్ల మీద పెన్ను తీసి మూత పెట్టింది. మళ్ళీ తీసింది. గుమ్మంలో సీనియర్ నేల చూస్తోంది.

కోడలు మాత్రం ఎవరినీ చూడటం లేదు. మూలనున్న ఆమెనే చూస్తోంది. ఆ చూపులో కృతజ్ఞత లాంటిది ఏదో కనిపిస్తుందని ఆమె ఆశపడిందేమో, అది లేదు.

"నిన్నెవరడిగారు?" అంది కోడలు.

"మీరే పోలికలని..."

"పోలికలడిగాను. పాపని లేకుండా చెయ్యమన్నానా? ముందు రెండు సార్లు ఏదీ తెలీలేదు. ఈసారే ఆడపిల్ల అన్నారు. పేరు పెట్టుకున్నాను. గౌను కుట్టాను, లేని పిల్లకి! పిచ్చిదాన్నని ఎవరికీ చెప్పలేదు. మిషను దగ్గర కూర్చున్నప్పుడల్లా దాంతో మాట్లాడుకుంటున్నాను. ఇప్పుడు నాతో నేనే మాట్లాడుకున్నానంటావా?" కోడలు కుర్చీ వెనక్కి తన్ని లేచింది. కుర్చీ గోడకి తగిలి పడింది. ఎవరూ ఎత్తలేదు. "చదువుకున్నావు కదా. చెప్పు. ఇప్పుడు నేనెవరి కోసం ఏడవాలి?"

ఆమె అది ఏ పుస్తకంలోనూ చదవలేదు. "తెలీదండీ" అంది.

"అదొక్కటే వచ్చు నీకు."

కోడలు సంచి తీసుకుని బయటికి నడిచింది. అత్తగారు ఆమె వెనక వెళ్ళింది. మేడమ్ పొమ్మన్న, అత్తగారు ఆగమన్న ఆ గదిలోంచి అమ్మాయి కూడా కదిలి, మెట్ల మీది రెయిలింగు దాకా వెళ్ళి ఆగింది.

కింద మలుపులో అత్తాకోడళ్ళు నిలబడ్డారు.

"సోమవారం నేను రాను" అంది కోడలు.

"నేను రమ్మన్నానా?" అంది అత్తగారు కసురుతున్నట్టే. "బిడ్డనే చూడని వాళ్ళ మాట మీద పొట్ట ఎలా కోస్తారో నేనూ చూస్తాను. పైకెళ్ళి ఆ డాక్టరుకి ఇప్పుడే చెప్పొస్తాను."

"నేనే చెప్తాను. పొట్ట నాది."

అత్తగారు చెయ్యి చాపింది. "సంచి ఇటివ్వు. బరువు మొయ్యకు."

"ఏం, ఇప్పుడేమైంది మొయ్యడానికి?"

కోడలు సంచి ఇవ్వలేదు. భుజానికి తగిలించుకుని, అత్తగారిని దాటి, ఆస్పత్రి వైపు వెళ్ళే అవతలి మెట్లు ఎక్కసాగింది. అత్తగారు చాపిన చెయ్యి అలాగే గాల్లో ఉంచి కాసేపు నిలబడింది. తర్వాత గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ కోడలి వెనక నడిచింది.

లోపలి నుంచి మేడమ్ పిలుస్తోంది, అందరూ పిలిచే సైలెన్సర్ అన్న పేరుతో కాదు, పూర్తి రోల్ నంబరుతో. ఆమె రెయిలింగు వదిలి అటు తిరిగింది.